కొండ మీది పులుపు

విశాఖలో బయల్దేరేటప్పుడు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కిరండూల్ రైలు ఎన్నో సొరంగాలు దాటి, 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్‌కి చేరేసరికి మా అత్తయ్య శాలువా తీసింది. కిలోమీటరు ఎత్తుకి సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది మరి.

మేం వెళ్లింది అరకు కాఫీ రుచి చూడ్డానికి. తోటలో సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. ఎర్రటి పండు నొక్కితే జిగురుగా రెండు గింజలు జారాయి. చుట్టూ ఉన్న కాస్త గుజ్జూ తియ్యన.

రుచి చూడ్డానికీ ఓ పద్ధతుంది. 8.25 గ్రాముల ముతక పొడి మీద 150 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోస్తారు. పాలు, పంచదార ఉండవు. నాలుగు నిమిషాలకి పైన కట్టిన తెట్టుని చెంచాతో కదిలించి వాసన చూడాలి. తర్వాత చెంచాడు కాఫీని గట్టిగా చప్పుడయ్యేలా జుర్రాలి.

"ఏటిరా ఆ జుర్రుడు, చారు తాగినట్టు!" అంది అత్తయ్య.

అలా జుర్రితే కాఫీ తుంపరగా మారి, దాని వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి చేరుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. జలుబు చేసినప్పుడు ఆవకాయ ఉత్త ఉప్పూ కారంలా తోచేది అందుకే.

తనూ ఓ చెంచా జుర్రి, "పుల్లగా ఉందేటి? పాడైపోనాదా?" అంది.

పాడవలేదు. చల్లటి చోట కాఫీ పండు తాపీగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది. ఆ గింజని మరీ నల్లగా వేయించకపోతే పులుపు నిలుస్తుంది. చికోరీ, పాలు కలిపే మన ఇళ్లలో అది నాలిక దాకా రాదు.

చలిదేశపు వైన్ రుచి చూసేవాళ్లకీ ముందు తగిలేది పులుపే. జర్మనీలో వైన్ ద్రాక్ష పండించే మోజెల్ లోయ 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లాలు రెండు. టార్టారిక్ ఆమ్లం, అంటే అచ్చం మన చింతపండు పులుపు, ఎండకి అంత తేలిగ్గా లొంగదు. పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం అలా కాదు. పండు ఊపిరి తీసుకుంటూ దాన్నే ఖర్చు చేసుకుంటుంది. వేడి పెరిగితే ఆ ఖర్చూ పెరుగుతుంది. మోజెల్ చలిలో ఖర్చు తక్కువ, పులుపు మిగులుతుంది. చక్కెర మాత్రం తాపీగా చేరుతుంది. అందుకే నిటారు వాలుల మీద పలకరాళ్ల మధ్య తీగలు నాటుతారు. పగలు తాగిన ఎండని రాళ్లు రాత్రి వదుల్తాయి. వాళ్లు వేడి కోసం వెతుక్కుంటారు, మనం దాన్నుంచి పారిపోతాం!

అరకు ఉన్నది 18 డిగ్రీల దగ్గరే. అక్కడ అక్షాంశం చేసే పని ఇక్కడ ఎత్తు చేస్తోంది.

కప్పు చల్లారాక అత్తయ్య మళ్లీ ఓ గుక్క వేసింది. "ఉసిరికాయ తిని నీళ్లు తాగినట్టుందిరా" అంది. తర్వాత స్టేషన్ బయట పంచదార దండిగా వేయించుకుని టీ తాగింది.