బేలీఫ్: ఏ కాలం నాటి ఇంటిని నిలబెట్టాలి?

ఇంగ్లండ్‌లోని పశ్చిమ ససెక్స్‌లో, సింగిల్టన్ ఊరి దగ్గర ఆరుబయలు మ్యూజియం ఒకటుంది. అందులో అందరూ చూసే ఇల్లు బేలీఫ్. ఇది ఒక రైతు ఇల్లు, కొయ్య చట్రం మీద కట్టింది. దీని సొంత ఊరు మాత్రం కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ ప్రాంతం. 1960లలో అక్కడి బావ్ బీచ్ లోయలో మంచినీటి రిజర్వాయరు తలపెట్టడంతో ఇంటికి ముప్పు వచ్చింది. 1968-69లో కొయ్యకొయ్యా విప్పి సింగిల్టన్ తరలించారు. మళ్ళీ నిలబెట్టేటప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు కట్టలేదు. తర్వాతి తరాలవాళ్ళు చేర్చిన ఇటుకల పొగగొట్టాన్నీ, హాల్లో అడ్డంగా వేసుకున్న పై అంతస్తునూ వదిలేశారు. ఇప్పుడు అది 1540 ప్రాంతంలో ఎలా ఉండేదో అలా కనిపిస్తుంది. ఈ నిర్ణయం తప్పా ఒప్పా అని తేల్చుకోవాలంటే ఇంటి పుట్టుక దగ్గరికి వెళ్ళాలి.

1348-49లో వచ్చిన ప్లేగు ఇంగ్లండ్ జనాభాలో కనీసం మూడో వంతును మింగేసింది. మిగిలినవాళ్ళకు కూలి రేట్లు పెరిగాయి, సాగుకు భూమి దొరికింది. పైగా కెంట్‌లో తండ్రి ఆస్తి పెద్దకొడుక్కే పోకుండా కొడుకులందరికీ సమానంగా పంచే ఆచారం ఉండేది. జమీందారు కాకపోయినా చేతిలో నాలుగు డబ్బులాడే రైతులు అక్కడ ఎక్కువ. కెంట్, ససెక్స్‌ల మీదుగా పరుచుకున్న వీల్డ్ అనే ప్రాంతపు అడవుల్లో ఓక్ కలపకు కొదవ లేదు. అందుకే ఆగ్నేయ ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా కెంట్‌లో, ఒకే పోలికలో వందల ఇళ్ళు లేచాయి. మధ్యలో హాలు, దానికి రెండు పక్కలా రెండంతస్తుల భాగాలు, అన్నిటి మీదా ఒకే కప్పు. పక్క భాగాల పై అంతస్తు ముందుకు పొడుచుకొస్తుంది కాబట్టి నడిమి హాలు కాస్త లోపలికి ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ పోలికకు వీల్డెన్ ఇల్లు అని పేరు. బేలీఫ్ కూడా అలాంటిదే.

వడ్రంగులు ఓక్‌ను ఎండబెట్టేవాళ్ళు కాదు. పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేవాళ్ళు, ఎండితే ఉలి దిగదు. ఒక కొయ్య కొసను నాలుకలా చెక్కి, రెండో కొయ్యకు తొలిచిన బెజ్జంలో దూర్చి, రెంటినీ కలిపి అడ్డంగా ఓక్ చీల దిగ్గొట్టేవాళ్ళు. చట్రానికి ఇనప మేకుల అవసరమే లేదు. పైగా ఈ పచ్చి కొయ్యలు తర్వాత ఎండుతూ కాస్త మెలితిరుగుతాయి, అతుకులు ఇంకా బిగుసుకుంటాయి. ఇలాంటి ఇళ్ళు వంకరటింకరగా ఉండటానికి అదొక కారణం. చట్రాన్ని ముందు నేలమీద పేర్చి చూసుకుని, ఏ కొయ్య దేనికి అతుకుతుందో తెలిసేలా రోమన్ అంకెల్లాంటి గీతలు చెక్కి, విప్పి, స్థలానికి తెచ్చి నిలబెట్టేవాళ్ళు. అతుకుల దగ్గర తడిమి చూస్తే ఆ గీతలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. బేలీఫ్‌ను విప్పి మళ్ళీ కట్టడం సాధ్యమైందంటే ఈ పద్ధతి చలవే. కొయ్యల మధ్య ఖాళీల్లో తడికలు అల్లి, మట్టిలో గడ్డీ పేడా కలిపి మెత్తి, పైన సున్నం పూసేవాళ్ళు.

హాలుకు పై అంతస్తు ఉండదు. నేల నుంచి కప్పు దాకా ఖాళీయే. మధ్యలో నేల మీదే పొయ్యి. పొగ పైకి లేచి, కప్పు సందుల్లోంచి మెల్లగా బయటపడేది. కిటికీలకు అద్దాలు లేవు, చెక్క కడ్డీలూ తలుపులే. అలా ఏళ్ళ తరబడి పట్టిన మసి వాసాలను నల్లగా మార్చేసింది. చరిత్రకారులు ఇప్పుడు ఏ పాత ఇంట్లో అటకెక్కినా ముందు వెతికేది ఆ మసినే. కింద ఎన్ని గోడలు మారినా, అది ఒకప్పుడు కప్పు దాకా తెరిచి ఉన్న హాలని పైనున్న మసి చెప్పేస్తుంది.

16వ శతాబ్దంలో ఈ బతుకు మారింది. ఇటుక అందుబాటులోకి వచ్చింది. ఎసెక్స్‌లో పల్లె మతగురువుగా ఉన్న విలియం హారిసన్, తన ఊరి ముసలివాళ్ళు కొత్తగా లేచిన పొగగొట్టాలను చూసి ఆశ్చర్యపోయేవాళ్ళని 1577లో రాశాడు. 1570 నుంచి 1640 దాకా పల్లె ఇళ్ళు పెద్దయెత్తున మారాయని చరిత్రకారుడు డబ్ల్యూ.జి. హోస్కిన్స్ 1953లో ప్రతిపాదించాడు. ఆ తేదీల మీద తర్వాత చాలా వాదన జరిగింది, జరగాలి కూడా. ఎందుకంటే ప్రాంతాన్ని బట్టి ఈ మార్పు ముందూ వెనకా వచ్చింది. ఏమైనా పొగగొట్టం వచ్చాకే హాల్లో పైన అంతస్తు వేసుకుని పడగ్గదులు చేసుకోవడం కుదిరింది. ఆ ఇంటి ఆడవాళ్ళ కళ్ళకూ ఊపిరితిత్తులకూ అది ఎంత ఊరటో ఊహించండి. ఆ తర్వాత కొన్ని ఇళ్ళ ముఖాన పెంకులు తొడిగారు, కొన్నిటిని కూలీల కాపురాలకని వాటాలు చేశారు. నల్ల కొయ్య, తెల్ల గోడ అని మనం పోస్టర్లలో చూసే రూపం చాలాచోట్ల విక్టోరియా కాలపు మోజు. కెంట్‌లో ఓక్‌ను అలాగే వదిలేస్తే ఎండకూ వానకూ వెండి బూడిద రంగుకు తిరిగేది, లేదా దాని మీదుగానే సున్నం కొట్టేసేవాళ్ళు.

1877లో రచయిత, డిజైనర్ విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణ సంఘాన్ని పెట్టింది, ఇలా ఒకే కాలానికి "దిద్దే" పనిని ఆపడానికే. ఒక్కో తరం చేర్చినదీ చరిత్రేనని, పునరుద్ధరణ పేరుతో దాన్ని గీకేయకూడదని ఆయన వాదం. పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ 1896లో 10 పౌండ్లకు కొన్న తొలి కట్టడం ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్ క్లెర్జీ హౌస్. అదీ వీల్డెన్ ఇల్లే.

ఈ లెక్కన బేలీఫ్‌లో జరిగింది మోరిస్ ఒప్పుకునే పని కాదు. అయినా ఆ నిర్ణయం సబబే అంటాను. ఇల్లు అప్పటికే నేల విడిచింది. చుట్టూ ఉన్న పొలమూ దారీ వదిలేసి వచ్చింది. మసి పట్టిన వాసాల కింద పొయ్యి మండుతుంటే నిలబడే అవకాశం మామూలు జనానికి మరెక్కడ దొరుకుతుంది? కాకపోతే ఆ 1540 కూడా ఒకే కాలం కాదు. కొయ్యలోని వలయాలను బట్టి చెట్టు నరికిన కాలం తేల్చే లెక్క ప్రకారం హాలూ సామాన్ల గదులూ 15వ శతాబ్దం మొదట్లో కట్టినవి, యజమాని గదుల భాగం దాదాపు నూరేళ్ళ తర్వాత, 16వ శతాబ్దం మొదట్లో చేర్చింది. ఆ చేర్పును ఉంచి పొగగొట్టాన్ని తీసేశారంటే, ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పలేదన్నమాట. ఆ గీత ఎందుకు అక్కడే గీశారో చూడటానికి వచ్చినవాళ్ళకు ఇంకా గట్టిగా చెప్పాలి.

సొంత స్థలంలోనే ఉన్న ఇళ్ళ సంగతి వేరు. ఇంగ్లండ్‌లో రక్షిత జాబితాకెక్కిన ఇంటికి తర్వాతి కాలపు చేర్పులతో సహా రక్షణ ఉంటుంది. అక్కడ యజమాని పాత పొగగొట్టం తీసేసి హాలును మళ్ళీ తెరుద్దామనుకుంటే ముందు అనుమతి తెచ్చుకోవాలి. అది అంత తేలిగ్గా రాదు.