లూర్దు నగరం: మనవాళ్ళు నమ్మేవి, అక్కడ నిజంగా ఉన్నవి

తెలుగు క్యాథలిక్ కుటుంబాలను ఐరోపా పుణ్యక్షేత్రాలకు తీసుకెళ్ళి తీసుకురావడం నా పని. రోము, ఫాతిమా, లూర్దు మా మామూలు రూటు. మూడింట్లో లూర్దు గురించే ప్రశ్నలు ఎక్కువ. ఫ్రాన్స్‌లోని ఈ ఊళ్ళో 1858లో బెర్నదెత్ అనే పేదింటి అమ్మాయికి మరియమాత దర్శనమిచ్చిందని మా నమ్మకం. ఆ లూర్దుమాత మనకు కొత్త కాదు. 1924లో ఫాదర్ అర్లాటి గుణదల కొండ మీద మాత స్వరూపం పెట్టారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అక్కడికి వచ్చే జనంలో క్యాథలిక్కులు కానివాళ్ళే బోలెడుమంది. అలా చిన్నప్పటి నుంచి చూసీ వినీ, విమానం ఎక్కకముందే అందరి మనసులో ఒక లూర్దు కట్టేసి ఉంటుంది. నేను పదే పదే వినే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: మాత కనిపించకముందు అదొక అడవి పల్లె.

వాస్తవం: ఫ్రాన్స్ దక్షిణాన, పిరనీస్ కొండల పాదాల దగ్గర, గావ్ నది ఒడ్డున సుమారు 4,000 మంది ఉన్న సంత ఊరు అది. ఊరి మధ్యలో పెద్ద బండ, దాని మీద మధ్యయుగాల నాటి కోట. ఆ కోట కొంతకాలం జైలుగా పనిచేసింది, ఇప్పుడు లోపల మ్యూజియం ఉంది. మనవాళ్ళు దాన్ని కింద నుంచే ఫొటో తీసుకుని వదిలేస్తారు. ఓపిక ఉన్నవాళ్ళను నేను పైకి ఎక్కిస్తాను. పైనుంచి చూస్తే, దర్శనాలు జరిగిన మసాబియెల్ గుహ పాత ఊరికి ఎంత దూరంగా, ఎంత దిగువన ఉందో తెలుస్తుంది. ఆ రోజుల్లో ఊళ్ళో పందులను అటువైపు తోలేవారు. మర్యాదస్తులు వెళ్ళే చోటు కాదది.

బెర్నదెత్ ఇల్లు చూస్తే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. తండ్రి పిండిమిల్లు నడిపేవాడు. మిల్లు చేజారింది. చివరికి అమ్మానాన్నలు, నలుగురు పిల్లలు ఒక పాత జైలు గదిలోకి చేరారు. ఖైదీలను ఉంచడానికి కూడా పనికిరాదని వదిలేసిన గది అది. ఇటు నాలుగు మీటర్లు, అటు నాలుగు మీటర్లు, అంతే. దాన్ని 'కషో' అంటారు, ఇప్పటికీ లోపలికి వెళ్ళి చూడొచ్చు. పిండి దొంగిలించాడన్న అనుమానంతో 1857లో తండ్రిని కొన్ని రోజులు జైల్లో పెట్టారు కూడా. మరుసటి ఏడు ఫిబ్రవరి 11న, పొయ్యిలోకి పుల్లలు లేక, ఆస్తమా ఉన్న ఆ పద్నాలుగేళ్ళ పిల్ల చెల్లెలితో, ఒక స్నేహితురాలితో కలిసి నది వైపు వెళ్ళింది. గుహ దగ్గర మొదటి దర్శనం అప్పుడే. నన్నడిగితే ముందు ఆ గది చూసి, తర్వాతే గుహకు వెళ్ళాలి. చాలా టూర్లలో ఆ గదికి టైమే ఇవ్వరు.

అపోహ: మాత కనిపించింది అనగానే చర్చి ఒప్పేసుకుంది.

వాస్తవం: మొదట ఎవరూ నమ్మలేదు. పోలీసు అధికారి జాకొమె ఆ పిల్లను కూర్చోబెట్టి విచారించాడు. ఊరి చర్చి బాధ్యత చూసే విచారణ గురువు ఫాదర్ పెరమాల్ అయితే, కనిపించినావిడ పేరేమిటో అడిగి రా, గుహ దగ్గరున్న అడవి గులాబీ పొదను ఫిబ్రవరిలో పూయించమను అన్నాడు. పొద పూయలేదు. మార్చి 25న మాత్రం పేరు వచ్చింది: "అమలోద్భవిని నేను." మాటలు మరిచిపోకుండా దారి పొడవునా వల్లించుకుంటూ ఫాదర్ ఇంటికి పరుగెత్తింది. అమలోద్భవ సత్యాన్ని, అంటే మరియ జన్మపాపం లేకుండా తల్లి గర్భాన పడిందన్న బోధను, పోపు తొమ్మిదో భక్తినాథుడు (పయస్) ప్రకటించింది 1854లోనే. కానీ ఈ పిల్లకు సత్యోపదేశం సరిగా రాదు, అప్పటికి మొదటి దివ్యసత్ప్రసాదం కూడా తీసుకోలేదు. అక్కడ ఫాదర్ మెత్తబడ్డారు.

అధికారులు మెత్తబడలేదు. జూన్‌లో గుహకు అడ్డంగా చెక్కలు కొట్టేశారు. అందుకే జూలై 16న, పద్దెనిమిదవదీ చివరిదీ అయిన దర్శనం వేళ బెర్నదెత్ నది అవతలి ఒడ్డున మోకరించాల్సి వచ్చింది. ఆ అడ్డు తీయించింది చక్రవర్తి మూడో నెపోలియన్ ఆదేశం. బిషప్ లోరాన్స్ ఒక కమిషన్ వేసి, సాక్షులను పిలిపించి, 1862 జనవరి 18న గానీ దర్శనాలు నిజమని ప్రకటించలేదు. అంటే మూడున్నరేళ్ళ పరిశీలన.

అపోహ: గుహలో ఊరే బుగ్గ నీళ్ళలో ఏదో మందు గుణం ఉంది.

వాస్తవం: ఈ మాట అప్పట్లోనూ పుట్టింది. చుట్టుపక్కల కోతరే లాంటి వేడినీటి బుగ్గల ఊళ్ళు ఉండేవి, రోగులు వాటికి వెళ్ళడం అలవాటే. లూర్దులోనూ అలాంటి బుగ్గ దొరికిందేమో అని ఊరి పెద్దలకు ఆశ పుట్టింది. 1858లోనే తులూజ్ ప్రొఫెసర్ ఫిలోల్ చేత పరీక్ష చేయించారు. మామూలు తాగునీరే, వైద్య గుణాలు ఏమీ లేవని ఆయన తేల్చారు. చర్చి కూడా ఈనాటి వరకు వేరే మాట చెప్పలేదు. బెర్నదెత్ ఆరోగ్యం కోసం ఆమెను కోతరేకే పంపారు, గుహ నీళ్ళలో ముంచి ఊరుకోలేదు.

నీళ్ళకు డబ్బు తీసుకోరు. గుహ పక్కన వరుసగా కుళాయిలు ఉంటాయి, ఎంతైనా పట్టుకోవచ్చు. బయట అంగళ్ళలో అమ్మేది సీసా మాత్రమే. మునక గురించి కూడా ముందే చెప్పాలి. కోవిడ్ కాలంలో స్నానాలు ఆపేశారు. తర్వాత చేతులు, ముఖం కడుక్కుని, దోసిట్లో నీళ్ళు తాగే పద్ధతి వచ్చింది. పూర్తి మునకకు అవకాశం పరిమితం కాబట్టి వెళ్ళేముందు కనుక్కోండి. దొరికినా, ఆ నీళ్ళు సుమారు 12 డిగ్రీలు. మన గోదావరి స్నానం అనుకుని దిగితే ఒళ్ళు కొంకర్లు పోతుంది.

అపోహ: లూర్దులో వేల అద్భుతాలు జరిగాయని చర్చి ముద్ర వేసింది.

వాస్తవం: 2025 నాటికి ముద్ర పడినవి 72. బాగైపోయామని వచ్చి నమోదు చేయించుకున్నవాళ్ళు ఏడు వేలకు పైమాటే. మిగిలినవి అబద్ధాలని అర్థం కాదు, నిరూపణకు నిలబడలేదు అంతే. 1883 నుంచి అక్కడ డాక్టర్ల ఆఫీసు ఒకటి ఉంది. ఏ మతం డాక్టరైనా, మతమే లేని డాక్టరైనా ఫైలు చూడొచ్చు. జబ్బు తీవ్రమైనదా, ముందు రిపోర్టులు ఉన్నాయా, మందుల వల్ల తగ్గిందా, ఒక్కసారిగా పూర్తిగా తగ్గిందా, తిరగబెట్టిందా, ఇవన్నీ అడుగుతారు. తర్వాత ఫైలు అంతర్జాతీయ వైద్య కమిటీకి వెళ్తుంది. ఆ కమిటీ అద్భుతం అనే మాట వాడదు, ఇప్పటి వైద్యానికి అందనిది అని మాత్రమే చెబుతుంది. అద్భుతం అని ప్రకటించాల్సింది ఆ రోగి సొంత మేత్రాసనం (బిషప్ పరిధిలోని ప్రాంతం) బిషప్.

ఎంత గట్టిగా చూస్తారో చెప్పడానికి ఒక కేసు. 1902లో అలెక్సి కరేల్ అనే డాక్టరు రోగుల రైల్లో లూర్దుకు వచ్చాడు. చావుకు దగ్గరైన మరీ బాయి అనే యువతి కడుపు వాపు తన కళ్ళముందే తగ్గిపోవడం చూశాడు. పదేళ్ళకు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నోబెల్ డాక్టరు కళ్ళారా చూసిన ఆ కేసు కూడా 72లో లేదు. మానసిక కారణాన్ని పూర్తిగా కొట్టిపారేయలేమని కమిటీ పక్కన పెట్టింది. ఇంకోవైపు, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ బ్రిటిష్ సైనికుడు జాన్ ట్రేనర్ 1923లో బాగయ్యాడు. ముద్ర పడింది 2024లో, ఆయన పోయిన ఎనభై ఏళ్ళకు. తమాషా ఏమిటంటే, లేచి తిరుగుతున్న మనిషికి ప్రభుత్వం వికలాంగుల పెన్షన్ ఆపకుండా ఇస్తూనే ఉంది.

కాబట్టి "మావాడికి తప్పకుండా తగ్గుతుంది కదండీ?" అని అడిగితే నేను అవునని చెప్పను. అలా మాట ఇచ్చే ఏజెంట్ దొరికితే ఇంకొకరిని చూసుకోండి.

అపోహ: బెర్నదెత్ సమాధి లూర్దులోనే ఉంది.

వాస్తవం: మధ్య ఫ్రాన్స్‌లోని నెవేర్‌లో ఉంది. 1866లో కన్యకల మఠంలో చేరడానికి వెళ్ళింది, మళ్ళీ తిరిగి రాలేదు. 1879లో 35 ఏళ్ళకే చనిపోయింది. ఇప్పుడు గుహ మీద కనిపించే గుళ్ళలో ఆమె లూర్దులో ఉండగా తెరిచింది అడుగున ఉన్న చిన్న గుడి ఒక్కటే. గుహలోని పాలరాతి స్వరూపం 1864లో ఫాబిష్ చెక్కాడు. తను చూసిన మాత అలా లేదని ఆమె అనేది. నెవేర్‌లో అద్దాల పెట్టెలో ఉన్న దేహం ముఖానికి, చేతులకు మైనపు తొడుగు వేశారు. చూసేది ఆ మైనమే, ముఖం చెక్కుచెదరలేదని వాట్సాప్‌లో ఏం వచ్చినా.

అపోహ: మూడు రహస్యాలు లూర్దులో చెప్పారు.

వాస్తవం: లోకమంతా చెప్పుకునే ఆ మూడు రహస్యాలు ఫాతిమావి, పోర్చుగల్, 1917.

అపోహ: అంతా వ్యాపారం, భక్తి లేదు.

వాస్తవం: వ్యాపారం ఉంది. 1866లో రైలు వచ్చింది, దాని వెంట హోటళ్ళు వచ్చాయి. ఇప్పుడు ఊళ్ళో ఉండేది పద్నాలుగు వేల లోపే, హోటళ్ళ లెక్కలో మాత్రం పారిస్ తర్వాత మేమే అని చెప్పుకుంటారు. గుహకు వెళ్ళే వీధికి రెండు వైపులా మాత ఆకారం ప్లాస్టిక్ సీసాలు, నీలం మూత అంటే కిరీటం. కానీ పుణ్యక్షేత్రం గేటు దాటగానే అవన్నీ ఆగిపోతాయి.

లోపల మొదట కంటపడేది రోగులు. నీలం టాపు వేసిన మూడు చక్రాల బళ్ళలో వాళ్ళు కూర్చుంటే, ముందు కర్ర పట్టుకుని లాగే వాలంటీర్లలో కాలేజీ పిల్లలుంటారు, రిటైరైనవాళ్ళుంటారు. సొంత ఖర్చుతో, సెలవు పెట్టుకుని వస్తారు. పూజలో ముందు వరస రోగులది, ప్రదక్షిణలో ముందు వరస రోగులది. మంత్రి వచ్చినా వాళ్ళ వెనకే. మన దగ్గర వీఐపీ లైనుకు అలవాటు పడ్డవాళ్ళకు ఇది కాసేపు మింగుడు పడదు. వచ్చిన రోగుల్లో ఎక్కువమంది అదే జబ్బుతో ఇంటికి వెళ్తారు, మళ్ళీ ఏడు వస్తారు. నా మటుకు ఆ ఊరి అసలు స్వభావం అదే.

ఇక చిన్న చిన్నవి. తలనీలాలు, కొబ్బరికాయలు అక్కడ లేవు, గుణదల మొక్కు గుణదలలోనే తీర్చుకోండి. అక్కడి మొక్కుబడి కొవ్వొత్తి, నది అవతల వెలిగిస్తారు. క్యాథలిక్కులే రావాలన్న రూలు లేదు, ఆగస్టు 15కి పారిస్ నుంచి శ్రీలంక తమిళ హిందూ కుటుంబాలు కూడా వస్తాయి. పండుగ కదా అని ఫిబ్రవరి 11కే పట్టుబట్టకండి. చలి, పైగా చాలా హోటళ్ళు ఆ నెలల్లో మూసి ఉంటాయి. రోజూ రాత్రి తొమ్మిదికి జరిగే కొవ్వొత్తుల ప్రదక్షిణ ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకే. మే, సెప్టెంబర్ మంచి నెలలు. రాత్రికి స్వెట్టర్, కొండ వాన కాబట్టి గొడుగు. నీళ్ళ సీసాలు చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు. మూతకు టేపు చుట్టి, కవర్లో వేసి, పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టండి.