డే కేర్ పిల్లలు, ఇమ్యూనిటీ: అపోహలు - వాస్తవాలు

పిల్లల డాక్టర్‌గా నేను ఎక్కువగా వినే మాట: "డే కేర్‌లో వేసినప్పటి నుంచీ జలుబే డాక్టర్ గారూ, ఇమ్యూనిటీకి ఏదైనా టానిక్ రాయండి."

అపోహ: ఊరికే జలుబు చేస్తోందంటే ఇమ్యూనిటీ తక్కువ.

వాస్తవం: చిన్నపిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 జలుబులు మామూలే. డే కేర్ మొదటి ఏడాదిలో ఇంకా ఎక్కువే రావచ్చు. ఒక్కో దగ్గు రెండు వారాలు సాగుతుంది. అది తగ్గేలోపే ఇంకోటి అంటుకుంటే నెలంతా ముక్కు కారుతున్నట్టే ఉంటుంది. బిడ్డ ఆడుకుంటూ, బరువు పెరుగుతుంటే టెన్షన్ అక్కర్లేదు. బరువు పెరగకపోయినా, న్యుమోనియా మళ్లీ మళ్లీ వస్తున్నా పరీక్షలు చేయించాల్సిందే.

అపోహ: మంచి టానిక్ తాగిస్తే జలుబులు ఆగిపోతాయి.

వాస్తవం: అలాంటి టానిక్ లేదు. ఉంటే మా పిల్లలకే ముందు తాగించేవాళ్లం. వేళకు టీకాలు, పసివాళ్లకు తల్లిపాలు, కంటినిండా నిద్ర (ఏడాది, రెండేళ్ల వయసులో పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు) పనిచేస్తాయి. టానిక్‌కు పెట్టే డబ్బు ఏటా వేయించే ఫ్లూ టీకాకు పెట్టండి. ఆరు నెలలు నిండితే వేయించవచ్చు.

అపోహ: శానిటైజర్ వాడితే చాలు.

వాస్తవం: వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌ను శానిటైజర్ సరిగా చంపలేదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి. డైపర్ మార్చాక ఆయా చేతులే కాదు, బిడ్డ చేతులు కూడా. ఈ రెండోది చాలాచోట్ల మర్చిపోతారు. డే కేర్ చూడటానికి వెళ్తే గోడల మీది బొమ్మలు తర్వాత చూడొచ్చు. డైపర్ మార్చే చోటు పక్కనే సింక్ ఉందా, అన్నం పెట్టే చోటికి ఆ డైపర్ మార్చే చోటు దూరంగా ఉందా, కిటికీలు తెరుస్తున్నారా అన్నది ముందు చూడండి.

అపోహ: చీమిడి పచ్చబడితే యాంటీబయాటిక్ వేయాలి.

వాస్తవం: మామూలు వైరస్ జలుబులోనూ చీమిడి పచ్చబడుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

అపోహ: పారాసెటమాల్ వేసి పంపితే ఇబ్బంది లేదు.

వాస్తవం: మందు జ్వరాన్ని దించుతుందే గానీ వైరస్‌ను ఆపదు. మధ్యాహ్నానికి జ్వరం మళ్లీ వస్తుంది, అప్పటికి పక్క పిల్లలకూ అంటుతుంది. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పంపండి. సెలవు దొరకడం ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను. ఉత్త ముక్కు కారడానికి మాత్రం మాన్పించక్కర్లేదు: జలుబు వైరస్ లక్షణాలు కనిపించక ముందే పాకడం మొదలుపెడుతుంది.