చెరువులో 169 మంది

మా ఊరి చెరువులో 169.2 మంది నివాసం ఉంటున్నారు. ఈ మాట నాది కాదు, ప్రపంచ జనాభాను గళ్లుగళ్లుగా చూపించే ఒక మ్యాపుది. ఒక ఆదివారం ఊళ్లో తీరిగ్గా కూర్చుని, లాప్‌టాప్‌లో మా ఊరిని వెతుక్కుని చెరువు మీద నొక్కితే ఆ అంకె వచ్చింది. నాన్నని పిలిచి చూపించాను. "వానాకాలం కూడా అక్కడే ఉంటారంటనా?" అన్నారు. కాసేపాగి, "ఆ పాయింట్ రెండు మనిషెవడురా?" అని ఇంకో ప్రశ్న.

పక్క గడి మీద నొక్కాను. అది మా పొలం. అక్కడా 169.2. ఇవతల గుట్ట, మనిషన్నవాడు ఉండడు. 169.2. ఊరి మధ్య రామాలయం ఉన్న గడి, ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అదీ 169.2! అప్పటికి అర్థమైంది సంగతి. మా మండలం జనాభా మొత్తాన్ని పెనం మీద దోసెపిండి రాసినట్టు నేలంతా సమంగా పరిచేశారు. సముద్రాలూ పెద్ద నదులూ అయితే ముందే తీసేస్తారు గానీ, ఎండాకాలం వచ్చేసరికి క్రికెట్ గ్రౌండయ్యే మా చెరువులాంటివి ఆ వడపోతలో దొరకవు.

నవ్వుకోవడానికి బాగుంది కానీ, మ్యాపు గీసినవాళ్లను తప్పుపట్టలేం. జనాభా లెక్కలవాళ్లు ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కపెడతారు. మనకి మాత్రం ఆ లెక్క ఊరి పేరు మీదో, మండలం పేరు మీదో, జిల్లా పేరు మీదో కుప్పగా అందుతుంది. ఆ కుప్పలో ఎవరు ఎక్కడున్నారో ఉండదు. 2011 లెక్కల్లో అప్పటి రంగారెడ్డి జిల్లా సంగతి చూడండి. జనాభా దాదాపు 53 లక్షలు, విస్తీర్ణం 7,493 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు 707 మంది. అదే జిల్లాలో కూకట్‌పల్లి ఉంది, కర్ణాటక సరిహద్దున కంది చేల మధ్య బషీరాబాద్ కూడా ఉంది. 707 అనే అంకె ఈ రెండిటిలో దేనికీ పనికిరాదు. సగటు లోతు మోకాలి వరకేనని విని ఏట్లో దిగినవాడి కథే ఇది.

పైగా ఆ జిల్లా ఇప్పుడు అలా లేదు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26. 2001 నాటి జిల్లా లెక్కని నేటి జిల్లా లెక్కతో పోల్చాలంటే ముందు ఏ మండలం ఎటు పోయిందో తేల్చుకోవాలి, తల ప్రాణం తోకకొస్తుంది. గడికి ఆ గొడవ లేదు. అక్షాంశం, రేఖాంశం, అంతే. ఏ ప్రభుత్వం వచ్చినా జరగదు.

1995లో అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్, ఆయన సహచరులు కలిసి ప్రపంచ జనాభాను మొదటిసారి ఇలా గళ్లలోకి మార్చి విడుదల చేశారు. ఆ పని తర్వాత కొలంబియా యూనివర్సిటీకి చేరింది. ఇప్పుడు అందులో గడి వెడల్పు 30 ఆర్క్ సెకన్లు, అంటే ఒక డిగ్రీలో 120వ వంతు. భూమధ్యరేఖ దగ్గర అది సుమారు కిలోమీటరు. హైదరాబాద్ దగ్గరికొచ్చేసరికి రేఖాంశాలు కొద్దిగా దగ్గరపడతాయి కాబట్టి తూర్పు పడమరలుగా 880 మీటర్లే ఉంటుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర వెడల్పు సగానికి పడిపోతుంది. గడులన్నీ ఒకే సైజు అనుకుని అంకెలు పోల్చేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇంత కష్టం ఎందుకంటే, ప్రమాదాలు జిల్లా సరిహద్దులు చూసుకుని రావు. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచింది. నీళ్లు నేల ఎత్తుపల్లాలను బట్టి పోయాయి, తాలూకా గీతలను బట్టి కాదు. సముద్ర మట్టానికి 10 మీటర్ల లోపు ఎత్తున్న తీర ప్రాంతాల్లో ప్రపంచం మొత్తం మీద ఎంతమంది ఉన్నారని 2007లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. నేల ఎత్తు చూపే మ్యాపు మీద జనాభా గళ్లు పరిచి కూడారు. అది ప్రపంచ నేలలో 2 శాతం, జనంలో మాత్రం 10 శాతం, అంటే 60 కోట్ల పైమాటే. జిల్లా లెక్కలతో ఈ కూడిక అసలు సాధ్యం కాదు.

సరే, దోసెపిండి పద్ధతి వద్దు. మరేం చేయాలి? ఉపగ్రహాలు పుట్టకముందే దీనికి జవాబు దొరికింది. 1936లో జాన్ రైట్ అనే అమెరికన్, మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేప్ కాడ్ అనే సన్నటి ద్వీపకల్పం మ్యాపు ముందేసుకున్నాడు. మనుషులు ఉండని జాగాలన్నీ ముందు కొట్టేశాడు. మిగిలిన చోట్ల ఎక్కడ ఇళ్లు దట్టమో, ఎక్కడ పలచనో చూసి, మొత్తం మాత్రం జనాభా లెక్కకి సరిపోయేలా మనుషుల్ని పంచాడు. మొత్తం మారకూడదు, లోపల పంపకం మాత్రం మారాలి. నేటి పద్ధతులన్నీ ఈ కిటుకు మీదే నడుస్తున్నాయి.

ఒక ఊరు తీసుకుందాం. 15 చదరపు కిలోమీటర్ల రెవెన్యూ గ్రామం, 3,000 మంది జనం. దాన్ని 100 మీటర్ల గళ్లుగా కోస్తే 1,500 గళ్లు వస్తాయి, ఒక్కోటి దాదాపు రెండున్నర ఎకరాలు. సమంగా పంచితే గడికి ఇద్దరు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఇళ్లున్నవి 30 గళ్లే. చెరువు, పొలాలు, గుట్ట, తుమ్మచెట్లు అన్నీ పోగా ఆ 30 గళ్లకే 3,000 మందినీ పంచితే ఒక్కోదానికి వందమంది. అక్కడితో ఆగరు. బస్టాండు దగ్గరి గడికి ఎక్కువ, ఊరి చివర గడికి తక్కువ తూకం ఇస్తారు. మొదటిదానికి 3, రెండోదానికి 1 తూకం వస్తే మనుషుల్నీ అదే పాళ్లలో పంచుతారు. నాన్న అడిగిన పాయింట్ రెండు మనిషి ఈ భాగహారంలో పుట్టినవాడే.

ఆ తూకాలు ఎవరిస్తారన్నది అసలు ప్రశ్న. సౌతాంప్టన్ యూనివర్సిటీలోని వరల్డ్‌పాప్ బృందం ఆ పనిని కంప్యూటర్‌కి వదిలేస్తుంది. రోడ్డుకి ఎంత దూరం, రాత్రి ఎంత వెలుతురు కనిపిస్తోంది, నేల ఎంత వాలుగా ఉంది, కట్టడాలు ఎన్ని ఉన్నాయి, ఇలాంటి సంగతులన్నీ ఇస్తారు. జనాభా తెలిసిన ప్రాంతాల్లో వీటికీ జనానికీ ఉన్న లంకెని అది వందలాది నిర్ణయ వృక్షాలు (ఒక్కో ప్రశ్న దగ్గర కొమ్మలుగా చీలుతూ జవాబుకి చేరే లెక్కలు) పెంచి నేర్చుకుంటుంది, వాటి సగటు తీసి ప్రతి గడికీ తూకం వేస్తుంది. ఇళ్ల చిత్రాల విషయంలో గత పదేళ్లలో వచ్చిన మార్పు చాలా పెద్దది. గూగుల్ 2021లో ఆఫ్రికాలోని 51.6 కోట్ల కట్టడాల ఆకారాలను ఉపగ్రహ చిత్రాల నుంచి కంప్యూటర్‌తోనే గీయించి అందరికీ ఇచ్చేసింది. ఆ చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద అర మీటరు.

కానీ ఉపగ్రహానికి కనిపించేది కప్పు మాత్రమే. కప్పు కింద ఎవరున్నారో దానికి తెలియదు. గోదావరి జిల్లాల మీద నుంచి చూడండి. పొడవాటి రేకుల షెడ్డు, పక్కన ఇంకోటి, ఇంకోటి. కాలనీ అనుకుంటుంది కంప్యూటర్. ఉన్నవి కోళ్లు. రైస్ మిల్లు, కోల్డ్ స్టోరేజీ, ఫంక్షన్ హాలు అన్నీ దాని కంటికి పెద్ద ఇళ్లే. అటు నల్లమలలో చెంచుల పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో, బొడ్డు గుడిసెలు చెట్ల నీడలో, ఎండుగడ్డి రంగులో కలిసిపోతాయి. అక్కడ నిజంగా మనుషులు ఉన్నారు, కంప్యూటర్ లెక్కలో ఎవరూ లేరు. రాత్రి వెలుతురుని నమ్ముకుందామా అంటే రొయ్యల చెరువుల దగ్గర లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి. ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, దాని పక్కన డాబా ఇల్లు పైనుంచి ఒకే కొలతలో కనిపించొచ్చు. ఎత్తు తెలియకపోతే అపార్ట్‌మెంటులో నాలుగంతస్తుల జనం గల్లంతైనట్టే.

అసలు జనాభా లెక్కలే లేని చోట సంగతి ఇంకో రకం. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో చివరి జనగణన జరిగింది 1984లో. పంచడానికి నమ్మదగిన మొత్తమే లేదు. అక్కడ కింది నుంచి పైకి కట్టుకొస్తారు. కొన్ని వందల చిన్నచిన్న జాగాలు ఎంచుకుని, వాటిలో ప్రతి ఇంటికీ వెళ్లి మనుషుల్ని లెక్కపెడతారు. ఒక్కో కప్పు కింద సగటున ఎంతమంది ఉన్నారో, అది పట్నంలో ఎంత, పల్లెలో ఎంత అని తేల్చుకుని, మిగతా దేశమంతా కనిపించే కప్పులకు ఆ లెక్క వర్తింపజేస్తారు. మన అమ్మలు ఒక మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందని చెప్పే పద్ధతే ఇది. ఉత్తర నైజీరియాలో పోలియో చుక్కల బృందాలు చేత్తో గీసుకున్న మ్యాపులు పట్టుకుని తిరిగేవి. ఉపగ్రహ చిత్రాలు తెచ్చి చూస్తే ఆ మ్యాపుల్లో లేని ఊళ్లు బయటపడ్డాయి, ఆ ఊళ్లలో చుక్కలు పడని పిల్లలున్నారు. 2020 ఆగస్టు 25న ఆఫ్రికాలో సహజ పోలియో వైరస్ లేదని ప్రకటించారు. ఆ విజయంలో ఈ మ్యాపులకీ ఒక వాటా ఉంది.

ఇంకో చిక్కు, మనిషి ఒకచోట ఉండడు. జనగణన మనిషిని అతని ఇంట్లో లెక్కపెడుతుంది. మధ్యాహ్నం మూడింటికి హైటెక్ సిటీలో ఉండేవాళ్లు వేరు, రాత్రి మూడింటికి ఉండేవాళ్లు వేరు. అందుకే అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 1998 నుంచి చేస్తున్న లాండ్‌స్కాన్ మ్యాపు 24 గంటల సగటును చూపిస్తుంది. అలాంటి సగటు కూడా మేడారం జాతర ముందు నిలవదు. అడవి మధ్య కొద్దిమంది ఉండే గడిలో రెండేళ్లకోసారి నాలుగు రోజులు లక్షల మంది ఉంటారు.

ఈ గళ్ల మీద ఎంత నమ్మకం పెట్టొచ్చో పరీక్షించడానికి ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ వాళ్లు ఒక గమ్మత్తయిన దారి పట్టారు. ఆనకట్ట కడితే ముంపు గ్రామాలవాళ్లకు పరిహారం ఇవ్వాలి కాబట్టి తలలు లెక్కపెడతారు కదా! 35 దేశాల్లో 307 ఆనకట్టల ముంపు లెక్కలు తీసుకుని, అవే చోట్ల ఐదు ప్రముఖ జనాభా మ్యాపులు 1975 నుంచి 2010 వరకు ఏం చెప్పాయో పోల్చారు. 2025లో వచ్చిన ఫలితం ప్రకారం మ్యాపులు పల్లె జనాన్ని 53 నుంచి 84 శాతం దాకా తక్కువ చూపించాయి. దీన్ని అందరూ ఒప్పుకోలేదు, అంత పెద్ద తేడా ఉండదని ఈ రంగంలోనే కొందరు వాదించారు. నా మట్టుకు నాకు ఒక అనుమానం ఉంది. ముంపు జాబితాల్లో పేర్లు ఎలా చేరతాయో, ఎలా జారిపోతాయో శ్రీశైలం, పోలవరం చూసినవాళ్లకి తెలుసు. కొలబద్దనే ఒకసారి కొలిచి చూడాలి. అయినా గళ్ల మ్యాపుల తప్పు ఎక్కువగా పల్లెల్లోనే పడుతుందన్నది నమ్మదగ్గ మాటే.

మన దేశం గళ్లన్నిటికీ ఇప్పటికీ అడుగున ఉన్నది 2011 లెక్కలే, వాటి మీద పెరుగుదల అంచనాలు కలుపుతూ వచ్చారు. తర్వాతి జనగణనకు ప్రాతిపదిక తేదీ, అంటే ఏ రోజు నాటి జనాన్ని లెక్కలోకి తీసుకుంటారో ఆ రోజు, దేశంలో చాలావరకు 2027 మార్చి 1.

నాన్న ఊరుకోరు కాబట్టి, ఆ ఆదివారమే ఇళ్ల చిత్రాలతో చేసిన 100 మీటర్ల మ్యాపు ఒకటి తెరిచాను. చెరువులో సున్నా. నాన్న తృప్తిగా తలూపారు. ఊరి బయట కోళ్ల ఫారంలో 38.6 మంది. ఊగుతున్న తల ఆగిపోయింది. చివరికి మా ఇల్లున్న గడి మీద నొక్కాను. 61.3.

నాన్న వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మేం ఇద్దరం. పక్కింట్లో పిన్ని ఒక్కతే. మాస్టారి ఇంట్లో నలుగురు. సుబ్బారావు బాబాయి వాళ్లు హైదరాబాద్, తాళం. ఆ పక్కిల్లు బెంగళూరు, తాళం. మేడ ఇల్లు డల్లాస్, తాళం. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేసరికి 23 తేలారు.

"మరి ఈ మ్యాపు తప్పేగా?" అన్నాను.

"సంక్రాంతికి లెక్కెట్టు, సరిపోద్ది" అన్నారు.