ఆ ఇళ్లు ఊరికే ఇస్తారా? హ్యాబిటాట్ గురించి అపోహలు - వాస్తవాలు

హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అంటే, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు వాలంటీర్ల సాయంతో ఇళ్లు కట్టే స్వచ్ఛంద సంస్థ. అమెరికాలో చాలా ఊళ్లలో దీనికి స్థానిక శాఖలు ఉంటాయి. అలాంటి ఒక శాఖలో, ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాలతో కూర్చుని మాట్లాడటం నా పని. శనివారాల్లో ఆఫీసు స్నేహితులతో కలిసి సుత్తి పట్టడానికి మన తెలుగువాళ్లు చాలామంది వస్తుంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్లు నాతో అనే మాటలే ఇవి.

అపోహ: పేదవాళ్లకు ఇల్లు ఉచితంగా కట్టి ఇచ్చేస్తారు.

వాస్తవం: ఇవ్వం, అమ్ముతాం. కొన్న కుటుంబం ఏళ్ల తరబడి నెలనెలా వాయిదా కడుతుంది. కాకపోతే మేం లాభం వేసుకోం. ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్‌తో కలిపి వాయిదా ఆ ఇంటి ఆదాయంలో దాదాపు 30 శాతం దాటకుండా చూస్తాం. వచ్చిన వాయిదాలు మళ్లీ ఇంకో కుటుంబం ఇంటికే వెళ్తాయి.

ఈ పద్ధతి జార్జియా రాష్ట్రంలో, అమెరికస్ అనే ఊరి దగ్గరి కోయినోనియా వ్యవసాయ క్షేత్రంలో పుట్టింది. చుట్టుపక్కల పల్లెల్లో నల్లజాతి కూలీలు వానకు కారే గుడిసెల్లో ఉండేవారు. పేదలకు కావలసింది దానం కాదు, పెట్టుబడి అని 1968లో ఆ క్షేత్రం స్థాపకుల్లో ఒకరైన క్లారెన్స్ జోర్డన్ రాశారు. ఆయనతో పనిచేసిన మిల్లర్డ్ ఫుల్లర్, ఆయన భార్య లిండా కలిసి 1976లో హ్యాబిటాట్‌ను స్థాపించారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పెట్టిన సంస్థ అని చాలామంది అనుకుంటారు గానీ, ఆయన 1984 నుంచి వచ్చి పనిచేసిన వాలంటీరు. 2019లో, 95 ఏళ్ల వయసులో, పడి కంటికి దెబ్బ తగిలినా కట్టుతోనే నాష్‌విల్‌లో పనికి వచ్చారు.

అపోహ: అందరికన్నా పేదవాళ్లకే ముందు ఇల్లు.

వాస్తవం: నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. మేం మూడు విషయాలు చూస్తాం: అవసరం ఎంతుంది, వాయిదా కట్టగలరా, మాతో కలిసి పనిచేస్తారా. రెండోదాని దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆసుపత్రి బిల్లుల బాకీ వల్ల క్రెడిట్ స్కోరు పడిపోయిన తల్లికి, పిల్లల ముందు "ఇప్పుడు కుదరదమ్మా" అని చెప్పాల్సి వస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. అయినా తాళాలు ఇచ్చి, రెండేళ్లకే వాయిదాలు కట్టలేక ఇల్లు పోగొట్టుకునే స్థితికి తెస్తే, అది మేం చేసే అన్యాయం. అందుకే కాదన్న ప్రతి ఒక్కరికీ ఏ బాకీ ముందు తీర్చాలో, ఎంత తగ్గితే మళ్లీ రావచ్చో కాగితం మీద రాసిస్తాను. అలా మళ్లీ వచ్చినవాళ్లు ఉన్నారు.

అపోహ: పని అంతా వాలంటీర్లదే, ఇల్లు తీసుకునేవాళ్లు చూస్తూ కూర్చుంటారు.

వాస్తవం: స్వెట్ ఈక్విటీ అనే మాట మా దగ్గర రోజూ వినిపిస్తుంది. పెద్ద డౌన్ పేమెంట్‌కు బదులు కుటుంబం తన శ్రమ పెడుతుంది. శాఖను బట్టి అది వందల గంటలు కూడా ఉంటుంది. తమ ఇంటికే కాదు, పక్కవాళ్ల ఇంటికీ మేకులు కొడతారు, రంగులు వేస్తారు. బరువులు ఎత్తలేనివాళ్లు ఆఫీసులోనో, విరాళంగా వచ్చిన సామాన్లు అమ్మే మా రీస్టోర్ దుకాణంలోనో పని చేస్తారు. బడ్జెట్ వేసుకోవడం, ఇంటి మరమ్మతులు చూసుకోవడం మీద క్లాసులు కూడా ఉంటాయి. వారమంతా వృద్ధుల సంరక్షణ కేంద్రంలో రాత్రి షిఫ్టు చేసి, శనివారం ఏడింటికల్లా హెల్మెట్ పెట్టుకుని వచ్చే మనిషిని చూస్తే ఈ అపోహ నిలవదు.

అపోహ: వాలంటీర్లు కట్టిన ఇల్లు గట్టిగా ఉండదు.

వాస్తవం: కరెంటు, ప్లంబింగ్ వంటివి లైసెన్సు ఉన్నవాళ్లే చేస్తారు. సిటీ ఇన్‌స్పెక్టర్ ప్రతి దశలో వచ్చి చూస్తారు. వాళ్లకూ, స్థలానికీ డబ్బు కట్టాల్సిందే కాబట్టే మేం విరాళాలు అడుగుతాం.

అపోహ: క్రైస్తవ సంస్థ కదా, మతం చూసి ఇస్తారు.

వాస్తవం: సంస్థ పుట్టింది క్రైస్తవ విశ్వాసంలోంచే. ఎంపికలో మాత్రం మతం ప్రశ్నే రాదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు. అన్ని మతాలవాళ్లూ మా ఇళ్లలో ఉన్నారు.

అపోహ: ఇదంతా అమెరికా సంగతి.

వాస్తవం: హ్యాబిటాట్ భారతదేశంలో పని మొదలుపెట్టింది 1983లో, మన ఖమ్మంలో! ఈ మాట చెప్పగానే భోజనాల బల్ల దగ్గర అందరూ తల తిప్పి చూస్తారు. 2006లో కార్టర్ దంపతులు మహారాష్ట్రలో లోనావాలా దగ్గరి మళవలికి వెళ్లి, వాలంటీర్లతో కలిసి ఇళ్లు కట్టారు.

చివరగా ఒక విన్నపం. శనివారం తీరిక లేకపోయినా ఫరవాలేదు. ఇల్లు మారేటప్పుడు బాగున్న డైనింగ్ టేబుల్, కిచెన్ క్యాబినెట్లు, తలుపులు పారేయకండి. మీ ఊళ్లో మా రీస్టోర్ దుకాణం ఉంటే ఫోన్ చేయండి, చాలాచోట్ల ట్రక్కు పంపి తీసుకెళ్తారు. అవి అమ్మగా వచ్చిన డబ్బు తర్వాతి ఇంటికి వెళ్తుంది.