సీక్వెన్సర్ ఇచ్చే మాట: రెండో పొర నెట్‌వర్కుల నేపథ్యం

2017 డిసెంబరులో ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్కుకు ఊపిరాడకుండా చేసింది ఒక ఆట. క్రిప్టోకిట్టీస్ అనే ఆ ఆటలో డిజిటల్ పిల్లులను కొంటారు, అమ్ముతారు, జతకట్టించి కొత్త పిల్లలను పుట్టిస్తారు. పిల్లి చేతులు మారిన ప్రతిసారీ ఒక లావాదేవీ. సెకనుకు సుమారు 15 లావాదేవీలు మోసే నెట్‌వర్క్ కిక్కిరిసిపోయింది, ఫీజులు పెరిగాయి. బరువును ఇంకో పొర మీదికి దించక తప్పదని అప్పుడు చాలామందికి అర్థమైంది.

ఆలోచన అంతకుముందే ఉంది. బిట్‌కాయిన్ కోసం లైట్నింగ్ అనే రెండో పొర పత్రం రాసిన ఇద్దరిలో ఒకరైన జోసెఫ్ పూన్, 2017 ఆగస్టులో ఇథీరియం సహ వ్యవస్థాపకుడు విటాలిక్ బుటెరిన్‌తో కలిసి ప్లాస్మా అనే పద్ధతిని ప్రతిపాదించారు. ప్లాస్మాలో లావాదేవీల వివరాలు ప్రధాన గొలుసుకు, అంటే ఇథీరియం బ్లాక్‌చెయిన్‌కు, బయటే ఉంటాయి. నడిపేవారు వాటిని దాచిపెడితే తన సొమ్ము తనదేనని నిరూపించుకోవడం వినియోగదారుకు గగనమే. ఈ చిక్కు విప్పబోయి కనిపెట్టినదే రోలప్: లెక్కలు బయట చేసి, వివరాలను కుదించి ప్రధాన గొలుసులోనే రాయడం. 2020 అక్టోబరులో బుటెరిన్ ఇథీరియం మార్గసూచిని రోలప్‌ల చుట్టూ అల్లారు. 2021 ఆగస్టు చివర ఆర్బిట్రమ్, డిసెంబరులో ఆప్టిమిజం అనే రోలప్‌లు అందరికీ తలుపులు తెరిచాయి. గణిత రుజువులతో నడిచే జడ్‌కేసింక్ ఎరా, పాలిగాన్ జడ్‌కేఈవీఎం 2023 మార్చిలో వచ్చాయి.

తొందరగా మొదలుపెట్టాలంటే రాజీ పడాలి. ఆ రాజీ పేరు సీక్వెన్సర్: లావాదేవీలను వరుసలో పేర్చే యంత్రం. పెద్ద రోలప్‌లు దాదాపు అన్నిటా, ఒక్కో రోలప్‌లో దాన్ని నడిపింది ఒక్క సంస్థే. వేగం, వికేంద్రీకరణ, డెవలపర్ల కదలికను బట్టి నెట్‌వర్కులను పోల్చే చాలా పట్టికల్లో ఈ సంగతి కనిపించకపోవడమే నాకు బాధ.

ఒక లావాదేవీ వెంట నడిచి చూద్దాం. ఆర్బిట్రమ్‌లో మీట నొక్కిన పావు సెకనుకే అది బ్లాకులో చేరిందని తెర చెబుతుంది. ఆ క్షణంలో మన చేతిలో ఉన్నది సీక్వెన్సర్ ఇచ్చిన మాట. తరువాత అది వేరే లావాదేవీలతో కలిసి మూటగా ఇథీరియంకు వెళుతుంది. అక్కడ తిరుగులేకుండా స్థిరపడడానికి ఇంకో 13 నిమిషాలు పడుతుంది. సొమ్మును అధికారిక వంతెన మీదుగా ఇథీరియంకు వెనక్కి తెచ్చుకోవాలంటే, ఎవరైనా తప్పు ఎత్తిచూపడానికి ఇచ్చిన దాదాపు 7 రోజుల గడువు దాటాలి. ఈ మూడు గడియారాల్లో దేన్ని చూసి వేగమంటున్నారో చెప్పని అంకెకు విలువ లేదు.

వికేంద్రీకరణ చరిత్ర ఇంకా కటువుగా ఉంటుంది. తప్పును ఎవరైనా సవాలు చేయవచ్చన్న నమ్మకం మీదే ఆప్టిమిజం తరహా రోలప్ నిలబడుతుంది. అలాంటిది, అందరికీ తెరుచుకున్న నాటి నుంచి 2024 జూన్ దాకా ఆప్టిమిజంలోనే ఆ సవాలు వ్యవస్థ పనిచేయలేదు. అదే నెల 2న లీనియా అనే మరో రోలప్‌లో ఒక ఎక్స్ఛేంజీపై దాడి జరిగితే, నిర్వాహకులు సీక్వెన్సర్‌నే ఆపేశారు. సొమ్ము తరలిపోకూడదన్నది వారి ఉద్దేశం. మంచి ఉద్దేశంతో ఆపగలిగినవారు ఇతరుల ఒత్తిడితోనూ ఆపగలరు. ఇలాంటి చేతులు ఎన్ని ఉన్నాయో తేల్చడానికే బుటెరిన్ 2022లో దశల కొలమానం ప్రతిపాదించారు. రోలప్‌లను పరిశీలించే ఎల్2బీట్ సైటు దాన్ని 0, 1, 2 దశలుగా మలిచి 2023 నుంచి వాడుతోంది; అంకె పెరిగేకొద్దీ నిర్వాహకుల పట్టు తగ్గినట్టు. నా దృష్టిలో పట్టికలో మొదట చదవవలసిన గడి అదే.

డెవలపర్ల కదలికను లెక్కించడం పైకి తేలిక, లోపల మోసం. బహిరంగ కోడ్‌లో జరిగిన మార్పులను లెక్కపెడతారు. కానీ రోలప్ కట్టడానికి ఆప్టిమిజం రాసిన ఓపీ స్టాక్ అనే కోడ్ మీద ఎన్నో గొలుసులు లేచాయి. ఒకరి శ్రమ పదిచోట్ల నకలైతే అది పదిమంది పనిగా కనిపించే ప్రమాదముంది. 2024 మార్చి 13న డెన్‌కున్ మార్పుతో ఇథీరియంలో వివరాలు పెట్టే ఖర్చు బాగా పడిపోయాక, కొత్త గొలుసు మొదలుపెట్టడం మరీ తేలికైంది. నేనైతే కొత్త పని ఎక్కడ జరుగుతోందో చూస్తాను: రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కాంట్రాక్టులు (గొలుసు మీద నడిచే ప్రోగ్రాములు) రాసుకునేలా ఆర్బిట్రమ్ తెచ్చిన స్టైలస్ అలాంటిది.

క్రిప్టో ఎక్స్ఛేంజీ కాయిన్‌బేస్ 2023 ఆగస్టులో ఓపీ స్టాక్ మీద తెరిచిన బేస్ అనే రోలప్‌లో ఈ కథంతా ఒక్కచోట కనిపిస్తుంది. బ్లాకు 2 సెకన్లకొకటి, పక్కనే డెవలపర్ల సందడి. 2025 ఏప్రిల్‌లో అది 1వ దశకు చేరింది. సీక్వెన్సర్‌ను మాత్రం ఆనాటికీ కాయిన్‌బేస్ ఒక్కటే నడుపుతోంది.