లండన్–పారిస్ విమానం: అపోహలు - వాస్తవాలు

టికెటింగ్ డెస్కులో పదేళ్లు దాటింది. లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు "పక్కనే కదా, పారిస్ కూడా చూసొస్తాం" అంటారు. ఆ పక్క ఊరి ప్రయాణం దగ్గరే లెక్క తప్పుతుంది.

అపోహ: వెళ్లడానికి 2 గంటల 20 నిమిషాలు, రావడానికి 20 నిమిషాలే.

"టికెట్ తప్పు కొట్టావు బాబూ" అని ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. వెళ్లేటప్పుడు లండన్‌లో 10:00కు ఎక్కితే పారిస్‌లో 12:20. వచ్చేటప్పుడు పారిస్‌లో 10:00కు ఎక్కితే లండన్‌లో 10:20. టికెట్ సరైనదే. ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు, పారిస్ గడియారం గంట ముందుంటుంది. రెండు వైపులా ప్రయాణం గంటా ఇరవై నిమిషాలే. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో రెండు దేశాలూ ఒకేసారి గడియారాలు మారుస్తాయి కాబట్టి ఆ గంట తేడా ఏడాదంతా మారదు.

అపోహ: 350 కిలోమీటర్లకు అరగంట చాలు.

లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టు నుంచి పారిస్ షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టుకు తిన్నగా కొలిస్తే దాదాపు 350 కిలోమీటర్లు, నిజమే. కానీ టికెట్ మీద ఉండేది గాల్లో ఎగిరే సమయం కాదు. మేం దాన్ని బ్లాక్ టైమ్ అంటాం: ఇక్కడి గేటు దగ్గర విమానం కదిలిన దగ్గర్నుంచి అక్కడి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే వరకు నెమ్మదిగా వెళ్లడం, వరసలో వేచి ఉండడం అన్నీ అందులోవే. గాల్లో ఉండేది ముప్పావుగంట, అటూ ఇటూగా. అందులోనూ పూర్తి వేగం కాసేపే, పైకెక్కడం అవగానే దిగడం మొదలవుతుంది. తిరుగు ప్రయాణంలో హీత్రూ రద్దీగా ఉంటే లండన్ చుట్టుపక్కల బిగ్గిన్, ఆకమ్ లాంటి చోట్ల ఆకాశంలోనే గుండ్రంగా తిప్పుతూ ఆపుతారు. ఇలాంటి ఆలస్యాలకూ చోటిచ్చే టైము వేస్తారు. అందుకే ఒక్కోరోజు పది నిమిషాలు ముందే దిగిపోతాం. పైలట్ తొందరపడ్డాడని కంగారు పడకండి.

అపోహ: రైలు కంటే విమానమే తొందర.

ఇంటి గడప నుంచి లెక్కేయండి. హీత్రూకి చేరడానికి గంట, రెండు గంటలు ముందుండాలి, విమానం గంటా ఇరవై, ఆపైన పాస్‌పోర్టు క్యూ, సామాను బెల్టు, ఊళ్లోకి మరో అరగంట రైలు. అయిదు గంటలు దాటుతుంది. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో యూరోస్టార్ రైలు ఎక్కితే సుమారు 2 గంటల 20 నిమిషాలకు గార్ దు నోర్ స్టేషన్‌లో, అంటే పారిస్ నడిబొడ్డున దిగుతారు. ఫ్రాన్స్ పాస్‌పోర్టు తనిఖీ లండన్ స్టేషన్‌లోనే అయిపోతుంది. గంటన్నర ముందు వెళ్లినా, స్టేషన్‌కు చేరిన దగ్గర్నుంచి నాలుగు గంటల లోపే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నేను రైలే చెబుతాను. మన ఊరి నుంచి ఒకే టికెట్ మీద, లండన్‌లో ఆగకుండా పారిస్‌కే వెళ్తుంటే మాత్రం హీత్రూలో విమానం మారడమే మేలు.

అపోహ: గంట ప్రయాణానికి ఇంకో వీసా ఎందుకు?

ఫ్రాన్స్, నెదర్లాండ్స్ లాంటి యూరప్ దేశాలన్నిటికీ కలిపి ఒకే వీసా ఉండే ఏర్పాటును షెంగెన్ అంటారు. బ్రిటన్ ఎన్నడూ అందులో లేదు. బ్రిటన్ వీసాతో పారిస్ వెళ్లలేరు. షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీదైతే, పారిస్ చూసి లండన్ వచ్చాక మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లడం కుదరదు.

అపోహ: పారిస్ అని రాస్తే పారిస్‌లోనే దిగుతాం.

చవక టికెట్లలో కనిపించే బోవే ఎయిర్‌పోర్టు పారిస్‌కు దాదాపు 85 కిలోమీటర్ల దూరం. అక్కణ్నుంచి బస్సులో గంటకు పైనే పడుతుంది. డబ్బు కట్టే ముందు మూడక్షరాల కోడ్ చూడండి: సీడీజీ అంటే షార్ల్ ద గోల్, ఓఆర్‌వై అంటే ఓర్లీ, బీవీఏ అంటే బోవే.